పెరటి మామిడిలో ముందస్తు పూత: వృక్షధర్మం, పంచాంగం, కవిసమయం

వ్యాససంగ్రహం:

పెరట్లోని మామిడి చెట్టు ఒక్కొక్క ఏడు అలవాటైన కాలానికి ముందే పూస్తుంది. ఇంటివారు దీన్ని అదృష్టంగానో, అపశకునంగానో, వాతావరణ మార్పుకు రుజువుగానో చెప్పుకోవడం పరిపాటి. మామిడి పూతను నిర్ణయించే వృక్షధర్మాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ‘ముందు’ అనే మాటను ఏ కొలమానంతో కొలుస్తున్నామో పరిశీలిస్తుంది. చాంద్రమాన పంచాంగం, కావ్యసంప్రదాయం ఈ కొలతను ఏ విధంగా ప్రభావితం చేస్తాయో చూపుతూ, ముందస్తు పూత విషయంలో ఇంటివారు తీసుకోదగిన జాగ్రత్తలను సూచిస్తుంది.

కీలకపదాలు: మామిడి, పూత, పిందె, పునాస, ఉగాది, పంచాంగం, కవిసమయం, ఋతువర్ణన.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇంటికి మామిడికి ఉన్న అనుబంధం గుమ్మానికి కట్టే తోరణంతో మొదలై, ఉగాది పచ్చడి మీదుగా, వేసవిలో పెట్టే ఆవకాయ వరకు సాగుతుంది. తోటల్లో మామిడి ఒక వాణిజ్య పంట. పెరట్లోని మామిడి మాత్రం ఇంటి సభ్యుని వంటిది. దాని చిగురు, పూత, పిందె రోజూ ఇంటివారి కంటబడుతూనే ఉంటాయి. అందువల్ల కార్తికమాసం వెళ్ళకముందే కొమ్మ చివర పూమొగ్గ కనిపిస్తే ఆ ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఈసారి కాపు ముందుగా వస్తుందని కొందరు సంతోషిస్తారు. అకాలంలో పూసిన పూత నిలవదని పెద్దలు పెదవి విరుస్తారు. ఎరువు వేయాలని ఒకరు, నీరు పెట్టాలని ఒకరు సలహా ఇస్తారు.

ఈ చర్చలో తీసుకునే నిర్ణయం ఆ ఏటి కాపును నిలబెట్టనూ వచ్చు, పోగొట్టనూ వచ్చు. పూతను చూసి ఆత్రంగా పెట్టిన నీరు, వేసిన నత్రజని ఎరువు, నరికిన కొమ్మ, చల్లిన మందు చెట్టుకు మేలుకంటె కీడే ఎక్కువగా చేసే సందర్భాలున్నాయి. కాబట్టి ముందస్తు పూత అంటే ఏమిటో, అది ఎందుకు వస్తుందో తెలుసుకోవడం అవసరం.

2. ‘ముందస్తు’ అనే మాటకు రెండర్థాలు:

తెలుగులో క్రియాధాతువుకు ‘త’ చేరి నామమయ్యే పదాలు అనేకం. కోయు–కోత, మేయు–మేత, నేయు–నేత అన్నట్లే పూయు–పూత, కాయు–కాత ఏర్పడ్డాయి. ‘పూత కాత’ అనే జంటపదం వాడుకలో ఉంది. పూతకు, కాతకు మధ్య పిందె అనే మరొక దశ ఉంది. పూసినదంతా పిందె కాదు, పిందెలన్నీ కాయలు కావు అన్న అనుభవం ఈ మూడు వేర్వేరు మాటల్లోనే నిక్షిప్తమై ఉంది. అందువల్ల పూత ముందుగా వచ్చినంత మాత్రాన కాపు ముందుగా వచ్చినట్లు కాదు.

పెరటి మామిడి విషయంలో ‘ముందే పూసింది’ అన్న వాక్యం రెండు భిన్న సందర్భాల్లో వినిపిస్తుంది. మొదటిది వయసుకు ముందు పూయడం. రెండోది ఋతువుకు ముందు పూయడం. ఈ రెండింటికీ కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు.

టెంక నాటగా మొలిచిన మొక్క పూతకు రావడానికి అయిదారేళ్ళో, అంతకంటె ఎక్కువో పడుతుంది. అంటు మొక్క విషయం వేరు. అంటు కట్టిన కొమ్మను అప్పటికే కాపు కాస్తున్న చెట్టు నుంచి తీసుకుంటారు. నాటిన మొక్క చిన్నదే అయినా, అంటులోని కొమ్మ బాల్యదశను ఎప్పుడో దాటినది. కనుక అది కుండీలో ఉండగానే పూయవచ్చు. నర్సరీలో పూతతో, పిందెతో ఉన్న మొక్క కొనుగోలుదారును ఆకర్షిస్తుంది. కాని వేళ్ళు నిలదొక్కుకోని మొక్క కాయను మోస్తే దాని ఎదుగుదల కుంటుపడుతుంది. అందుకే నాటిన తరువాత మొదటి రెండు మూడేళ్ళు పూగుత్తులను తుంచివేయమని ఉద్యాన నిపుణులు చెబుతారు. వయసుకు ముందు వచ్చే పూతకు ఇదే సమాధానం. ఋతువుకు ముందు వచ్చే పూత ఇంతకంటె జటిలమైనది.

3. మామిడి పూతను నిర్ణయించే అంశాలు:

మామిడి పూత సాధారణంగా కొమ్మ చివర ఉండే మొగ్గ నుంచి వెలువడుతుంది. ఆ మొగ్గ చిగురుగా మారాలో, పూగుత్తిగా మారాలో రెండు అంశాలు ప్రధానంగా నిర్ణయిస్తాయి. ఒకటి కొమ్మ ముదురుదనం, రెండోది చలి.

వేసవిలో కాయలు కోసిన తరువాత తొలకరి వానలకు చెట్టు కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగురు మొదట రాగిరంగులో ఉండి, లేతపచ్చగా మారి, చివరకు ముదురుపచ్చగా గట్టిపడుతుంది. ఉష్ణమండలంలో ఇలా నాలుగైదు నెలల వయసు వచ్చిన కొమ్మకు పూసే యోగ్యత కలుగుతుంది. లేత కొమ్మలో చిగురును ప్రేరేపించే గుణం బలంగా ఉంటుంది. కొమ్మ ముదిరేకొద్దీ అది సన్నగిల్లుతుంది.

చలి పాత్రను నియంత్రిత ఉష్ణోగ్రతల్లో జరిపిన ప్రయోగాలు స్పష్టం చేశాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో డావెన్‌పోర్ట్, నూన్యెజ్-ఎలిసియా తదితరులు చేసిన పరిశోధనల్లో పగలు 18, రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన మొక్కలు పూశాయి. పగలు 30, రాత్రి 25 డిగ్రీల వద్ద ఉంచినవి చిగురించాయి. చలిలో పూతను ప్రేరేపించే సంకేతం ఆకుల్లో పుట్టి మొగ్గకు చేరుతుంది. కొమ్మకు ఆకులు లేకపోతే ఆ సంకేతం పుట్టే చోటే ఉండదు. పగటి నిడివి తగ్గడం వల్ల మామిడి పూస్తుందన్న ఊహకు ఈ పరిశోధనల్లో ఆధారం దొరకలేదు.

మొగ్గ మేల్కొనే సమయంలో చలి ఉంటే పూగుత్తి, వెచ్చదనం ఉంటే చిగురు వస్తాయి. మధ్యస్థంగా ఉంటే ఆకులు, పూలు కలిసిన గుత్తి వస్తుంది. ఒకే చెట్టులో ఒక కొమ్మ పూతతో, పక్క కొమ్మ చిగురుతో కనిపించడానికి కారణం కూడా ఇదే. చెట్టు ఒకటే అయినా కొమ్మల వయసులు వేరు. ‘చెట్టు పూసింది’ అని ఏకవచనంలో చెప్పుకునేది నిజానికి వందల కొమ్మలు విడివిడిగా తీసుకున్న నిర్ణయాల మొత్తం.

ఇక పొడి వాతావరణం విషయం. నీటి ఎద్దడి నేరుగా పూతను పుట్టించదు. కాని నేలలో తేమ తగ్గినప్పుడు కొత్త చిగురు ఆగిపోయి, ఉన్న కొమ్మలు ముదరడానికి వ్యవధి దొరుకుతుంది. వానలు పెందలాడే ముగిసి, వెంటనే రాత్రులు చల్లబడిన ఏడు పూత ముందుగా రావడానికి ఇది ప్రధాన కారణం. వానలు ఆలస్యంగా కురిసి, చెట్టు కార్తికంలో మళ్ళీ చిగురిస్తే ఆ కొమ్మలు ముదిరేలోగా చలికాలం గడిచిపోతుంది.

జాతిభేదం కూడా ఇక్కడ గమనార్హం. ఉత్తరాంధ్రలో ప్రసిద్ధమైన సువర్ణరేఖ ముందుగా కాపుకు వచ్చే రకం, నీలం ఆలస్యంగా వచ్చే రకం. పునాస మామిడి ప్రధాన ఋతువుతో పాటు అకాలంలోనూ పూసి కాస్తుంది. తొలకరికి వేసే పంటను వ్యవసాయ పరిభాషలో పునాస అంటారు. కొన్న మొక్క ఏ రకమో తెలియని పెరట్లో పునాస పూతను విపరీతంగా భావించే అవకాశం ఉంది. ఆ చెట్టుకు అది స్వభావమే.

4. పెరటి చెట్టు ప్రత్యేకత:

తోటలోని చెట్లకు ఒకే విధమైన నీరు, ఎరువు, కత్తిరింపు అందుతాయి. పెరటి చెట్టు పరిస్థితి అది కాదు. వంటింటి నీరు, స్నానాల నీరు నిత్యం మొదట్లోకి చేరితే నేల ఆరదు, చిగురు ఆగదు. మరొక పెరట్లో చుట్టూ సిమెంటు చేసి, మొదలు వద్ద మూరెడు మట్టి మాత్రమే మిగల్చడంతో వాన వెలిసిన కొన్నాళ్ళకే వేళ్ళకు తేమ కరవవుతుంది. పక్కపక్క ఇళ్ళలోని ఒకే రకం చెట్లు నెల తేడాతో పూయడానికి ఇటువంటి తేడాలు చాలు. పగటి వేడిని దాచుకుని రాత్రి విడిచిపెట్టే గోడలు, కాంక్రీటు నేలలు చలి ప్రభావాన్ని కొంత తగ్గించగలవు.

కత్తిరింపు మరొక అంశం. కాయలు కోసిన వెంటనే, అంటే జూన్, జూలై నెలల్లో కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగురు ముదరడానికి తగిన కాలం ఉంటుంది. కరెంటు తీగలకు అడ్డమనో, ఇంటిమీదికి వాలిందనో అక్టోబరు, నవంబరు నెలల్లో నరికితే, పూయవలసిన కొమ్మలు పోయి లేతచిగురు వస్తుంది. అటువంటి చెట్టు ఆ ఏడు సరిగా పూయకపోతే తప్పు చెట్టుది కాదు.

5. ముందస్తు పూతకు ఎదురయ్యే గండాలు:

మామిడి పూగుత్తిలో వందల నుంచి వేల వరకు పూలుంటాయి. వాటిలో కొన్ని కేవలం పురుషపుష్పాలు, కొన్ని ద్విలింగ పుష్పాలు. పిందె కట్టగలిగేవి రెండో తరగతివి మాత్రమే. గుత్తిలో వెయ్యి పూలున్నా చివరికి నిలిచేవి ఒకటి రెండు కాయలే. అంటే పూత రాలడం చెట్టు సహజధర్మం. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

అయితే ముందస్తు పూతకు ప్రత్యేకమైన గండాలు కొన్ని ఉన్నాయి. తీవ్రమైన చలిలో వెలువడే తొలి గుత్తుల్లో ద్విలింగ పుష్పాల పాలు తక్కువగా ఉండడాన్ని ఉత్తర భారతదేశంలో పరిశోధకులు గమనించారు. పుప్పొడి ఏర్పడే దశలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటె తగ్గితే దాని జీవశక్తి దెబ్బతింటుంది. ఫలదీకరణ సరిగా జరగని పూల నుంచి ఎదగని చిన్నపిందెలు వచ్చి, కొంతకాలం ఉండి రాలిపోతాయి. మామిడి పూలపై వాలి పరాగసంపర్కం జరిపే ఈగలు, తేనెటీగల వంటి కీటకాల సంచారం కూడా చలికి మందగిస్తుంది.

కోస్తా ఆంధ్రలో పరిస్థితి మరొక విధం. అక్టోబరు, నవంబరు నెలలు అక్కడ ఈశాన్య ఋతుపవనాలకు, తుపానులకు కాలం. ఆ వానల్లో పూసిన గుత్తుల మీద ఆంత్రాక్నోస్ మచ్చ తెగులు సులభంగా వ్యాపించి పూతను నల్లబరుస్తుంది. ఆ తరువాత చలి, మంచు ఉన్న రోజుల్లో బూడిద తెగులు, తేనెమంచు పురుగు వస్తాయి. తేనెమంచు పురుగు విసర్జించే జిగురు మీద మసి తెగులు పెరుగుతుంది. ‘మంచుకు పూత మాడిపోయింది’ అని ఇంట్లో అనుకునేది చాలా సందర్భాల్లో మంచు ఒక్కదాని పని కాదు. మంచు వేళ విజృంభించే తెగులు, పురుగు ఆ పని చేస్తాయి.

ముందస్తు పూతకు మేలైన పార్శ్వం కూడా ఉంది. ముందుగా పక్వమైన కాయలు వేసవి చివర ఉధృతమయ్యే పండు ఈగను, తొలకరి వానలను తప్పించుకుంటాయి. అంతేకాక, తొలిపూత చెడినా చలి ఇంకా మిగిలి ఉంటే, ఆ గుత్తికి దిగువన ఆకుల మొదళ్ళలో ఉన్న మొగ్గల నుంచి మలిపూత రావచ్చు. రాత్రులు వెచ్చబడిన తరువాత మాత్రం అదే మొగ్గలు చిగురుగా మారతాయి.

6. పంచాంగం కల్పించే భ్రమ:

ఒక చెట్టు ఈ ఏడు ముందుగా పూసిందని చెప్పడానికి గత ఏళ్ళతో పోలిక అవసరం. ఇంటి పెద్దల జ్ఞాపకంలో ఆ పోలిక సాధారణంగా చాంద్రమాసాల్లో ఉంటుంది. మార్గశిరంలో పూసిందనో, పుష్యంలో పూసిందనో, ఉగాదికి కాయ అందిందనో వారు గుర్తుపెట్టుకుంటారు. చెట్టు మాత్రం సూర్యగతిని అనుసరించి మారే చలికి, వానకు స్పందిస్తుంది. చాంద్రసంవత్సరం సౌరసంవత్సరం కంటె సుమారు 11 రోజులు చిన్నది. ఆ తేడాను అధికమాసం సర్దుతుంది. అంతవరకు తిథులు ఏటా ముందుకు జరుగుతూనే ఉంటాయి.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఒక చెట్టు 2024లోనూ, 2026లోనూ సరిగ్గా జనవరి 10న నిండుపూతతో ఉన్నదని ఊహిద్దాం. 2024 జనవరి 10 మార్గశిర బహుళంలో పడింది. 2026 జనవరి 10 పుష్య బహుళంలో పడింది. మాసం పేరుతో గుర్తుపెట్టుకున్నవారికి రెండోసారి పూత నెల ఆలస్యమైనట్లు తోస్తుంది. ఉగాదితో కొలిచేవారి అనుభవమూ అటువంటిదే. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. పూతకు, పండుగకు మధ్య 90 రోజులున్నాయి. 2026లో ఉగాది మార్చి 19. మధ్యలో 68 రోజులే ఉన్నాయి. మొదటిసారి పచ్చడికి పెరటి కాయ పుష్కలంగా అందుతుంది. రెండోసారి చిన్నకాయతో సరిపెట్టుకోవలసి వస్తుంది. చెట్టు మాత్రం ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాలేదు.

దీనివల్ల పంచాంగం వ్యర్థమని అనుకోరాదు. ఉగాది పచ్చడిలో వేప పువ్వుగా ఉంటుంది, మామిడి కాయగా ఉంటుంది. ఒకే రోజున ఒక చెట్టు పూతదశలోనూ, మరొక చెట్టు కాయదశలోనూ ఉంటాయన్న నిశిత పరిశీలన ఆ పచ్చడిలో ఉంది. తెలుగునేలపై మామిడి ఉగాదికి రెండు మూడు నెలల ముందే పూసి తీరాలన్న విషయం కూడా దానివల్ల తెలుస్తుంది. అయితే ఒక్కొక్క ఏటి ముందువెనుకలను పోల్చడానికి మాసనామం చాలదు, తేదీ కావాలి.

7. కావ్యసంప్రదాయంలో పూత:

‘ముందు’ అన్న భావనను సాహిత్యం కూడా ప్రభావితం చేసింది. మన్మథుని పంచబాణాలైన అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలాల్లో చూతం అంటే మామిడిపూవు. కాళిదాసు ఋతుసంహారంలో వసంతుడు మామిడి మొగ్గలనే బాణాలుగా ధరిస్తాడు. అభిజ్ఞానశాకుంతలం ఆరో అంకంలో మామిడి మొగ్గ కనబడగానే ఉద్యానవనంలోని చెలికత్తెలు వసంతాగమనాన్ని గుర్తిస్తారు. ఉత్తరాదిన మామిడి ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది. కనుక ఆ వర్ణన అక్కడి ప్రకృతికి దగ్గరగా ఉంటుంది. బెంగాలులో మాఘ శుద్ధ పంచమినాడు సరస్వతికి మామిడిపూతను సమర్పించే ఆచారం ఉంది.

తెలుగునేలపై మామిడి డిసెంబరు, జనవరి నెలల్లో, అంటే హేమంత శిశిరాల్లో ప్రధానంగా పూస్తుంది. చైత్రం వచ్చేసరికి కాయలుంటాయి. అయినా ప్రబంధాల వసంతవర్ణనలో మామిడిపూత నిలిచిపోవడానికి కారణం అది కవిసమయం కావడమే. కావ్యం చదివిన మనసుతో చూస్తే తెలుగు పెరట్లోని ప్రతి పూతా ‘ముందస్తు’గానే కనిపిస్తుంది. అయితే వసంతంలో మావిచిగురు అన్న భావన మాత్రం ఇక్కడి చెట్టుకూ సరిపోతుంది. చలికాలంలో పూయకుండా మిగిలిన కొమ్మలు రాత్రులు వెచ్చబడగానే చిగురిస్తాయని పై వివరణలో చూశాం.

అకాలపుష్పాన్ని శకునంగా చూసే ధోరణికి కూడా ప్రాచీనమైన మూలాలున్నాయి. ఆరో శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహిత ఉత్పాతాల్లో వృక్షాల అకాల ఫలపుష్పాలను పేర్కొంది. అదే గ్రంథంలోని కుసుమలతాధ్యాయం ఏ చెట్టు సమృద్ధిగా పూస్తే ఏ పంట పండుతుందో చెబుతుంది. అందులోని ఫలితాలను నేడు అంగీకరించనక్కరలేదు. చెట్ల పూతను శ్రద్ధగా గమనించి, ఋతువుతో పోల్చే అలవాటు ఎంత పాతదో గ్రహిస్తే చాలు.

జపానులోని క్యోటో నగరంలో చెర్రీపూత తేదీలను అక్కడి పరిశోధకులు ఆస్థానీకుల దినచర్యల నుంచి, చారిత్రక పత్రాల నుంచి సేకరించారు. తొమ్మిదో శతాబ్దం నాటి నుంచి ఆ వివరాలు లభిస్తున్నాయి. తేదీ వేసి రాసిన దినచర్య శాస్త్రానికి సాక్ష్యం కాగలదని, కవిసమయాన్ని అనుసరించిన వర్ణన అలా కాజాలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. తెలుగు వాఙ్మయంలో ఋతుసంబంధమైన ఆధారాలను వెదికేవారు ఈ భేదాన్ని పాటించవలసి ఉంటుంది.

8. ఇంటివారు పాటించదగినవి:

ఋతువుకు ముందు పూత కనిపించినప్పుడు మొదట చేయవలసింది తొందరపడకపోవడం. పిందెలు బఠాణీ గింజంత అయ్యేవరకు ఎదిగిన చెట్టుకు నీరు పెట్టనక్కరలేదు. వంటింటి నీటిని ఆ కొద్ది వారాలు వేరే మొక్కలకు మళ్ళించడం మంచిది. పూత సమయంలో నత్రజని ఎరువు వేస్తే చిగురు పెరుగుతుంది. నిండుపూతలో పురుగుమందు చల్లితే పరాగసంపర్కం చేసే కీటకాలు కూడా చస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న తొలిపూతను ఉంచివేయాలి. తెగులు సోకి నల్లబడిన గుత్తులను మాత్రం చలి ఉండగానే తుంచివేస్తే మలిపూతకు అవకాశం ఉంటుంది. జనవరి చివరకు రాత్రులు వెచ్చబడతాయి కనుక ఆ తరువాత తుంచడం వల్ల పూతకు ఉపయోగం తక్కువ. తోటల్లో పూతను రప్పించడానికి వాడే పాక్లోబ్యూట్రజాల్ మొక్కలోని జిబ్బరెల్లిన్ల ఉత్పత్తిని అడ్డుకుంటుంది. ఇది నేలలో చాలాకాలం నిలిచి ఉంటుంది. చెట్టు పక్కనే కూరపాదులు, బావి ఉండే పెరటికి ఇది తగినది కాదు.

వీటన్నిటికంటె తేలికైన పని నమోదు. తొలిమొగ్గ కనబడిన తేదీ, నిండుపూత తేదీ, పిందె కట్టిన తేదీ, తొలికాయ కోసిన తేదీ అనే నాలుగు వివరాలను ఏటా గోడమీది క్యాలెండరులో రాసుకుంటే చాలు. దేశంలో చెట్ల ఋతుదశలను పౌరుల ద్వారా నమోదు చేయిస్తున్న సీజన్‌వాచ్ కార్యక్రమంలో మామిడి కూడా ఉంది. ఒక ఏటి ముందస్తు పూత వాతావరణ మార్పుకు రుజువు కాదు. అనేక ఏళ్ళ తేదీలు ఒకే దిశగా జరిగితే అప్పుడు అది విచారించదగిన విషయమవుతుంది.

9. ముగింపు:

మామిడిలో ముందస్తు పూత శుభశకునమూ కాదు, అపశకునమూ కాదు. ముదిరిన కొమ్మకు తగిన చలి తగలడం వల్ల కలిగే సహజ పరిణామమది. దాని మంచిచెడ్డలు ఆ తరువాతి వారాల్లోని వాన, మంచు, తెగుళ్ళ మీద, ఇంటివారి సంయమనం మీద ఆధారపడతాయి.

భాషాసాహిత్య పరిశోధకులకు కూడా ఇందులో కర్తవ్యం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాల సేకరణకు మార్గం చూపింది. అదే పద్ధతిలో పూత, పిందె, టెంక కట్టిన కాయ వంటి దశావాచకాలను ప్రాంతాలవారీగా సేకరించి, వాటి పక్కన ఆయా దశల తేదీలను చేర్చవచ్చు. పెరటి చెట్టును ఏళ్ళ తరబడి చూసిన గృహిణులు, వృద్ధులు ఈ సమాచారానికి ప్రధాన వనరులు. కొత్త ఇళ్ళకు చోటివ్వడానికి పెరళ్ళు తరిగిపోతున్న ఈ కాలంలో చెట్టు పోతే దాన్ని గురించిన మాటా, జ్ఞాపకమూ దానితోనే పోతాయి. వాటిని తేదీతో సహా నమోదు చేసుకోవడం ఈ తరం చేయగలిగిన పని.